రచ్చకట్ట కెక్కిన మస్టరు రోలు
లెక్క తెరిస్తే చాలదు, చదివేవారుండాలి

అనంతపురం: ఊరి చెరువులో పూడిక తీస్తే ఎంత మట్టి లేచిందో ఊరికి తెలుసు. పార పట్టింది ఎవరో, తట్ట మోసింది ఎవరో, చెట్టు నీడన కూర్చున్నది ఎవరో కూడా ఊరికి తెలుసు. కాని ఆ పనికి కాగితం మీద ఎంత ఖర్చు రాశారన్నది మాత్రం ఊరికి తెలిసేది కాదు. ఆ కాగితం మండలాఫీసు బీరువాలో ఉండేది. పని చూసినవారికి కాగితం కనపడదు. కాగితం చూసినవారు పని చూడరు. ప్రభుత్వ సొమ్ము జారిపోయేది ఈ రెంటి మధ్య సందులోనే.

ఆ సందు మూసే ప్రయత్నం ఒకటి 2006లో అనంతపురం జిల్లాలో పెద్ద ఎత్తున జరిగింది. దాని పేరు సామాజిక తనిఖీ. బీరువాలోని మస్టరు రోలును ఊరి నడిబొడ్డుకు తెచ్చి, అందులో పేరున్న కూలీల ఎదుటనే గట్టిగా చదవడం ఆ తనిఖీకి ప్రాణం.

బండ్లపల్లి నుంచి

2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. దేశంలో తొలివిడత 200 జిల్లాలు తీసుకోగా, వాటిలో 13 నాటి ఆంధ్రప్రదేశ్‌లోనివి. అడిగిన ప్రతి కుటుంబానికీ ఏడాదికి 100 రోజుల పని, పని చేసిన 15 రోజులలోగా కూలి. ఇదీ 2005 నాటి చట్టం ఇచ్చిన మాట. వాన ముఖం చాటేస్తే వేరుశనగ చేతికి రాక, మూటాముల్లె సర్దుకొని బెంగుళూరు బస్సెక్కే జిల్లాకు ఆ మాట చిన్నది కాదు.

అయితే కరువు పనులు జిల్లాకు కొత్త కాదు. కరువు పనులలో దొంగ మస్టర్లూ కొత్త కాదు. అందుకే ఆ చట్టంలో 17వ సెక్షను పెట్టారు. ఊరిలో జరిగిన పనులన్నింటి లెక్కలను గ్రామసభే తనిఖీ చేయాలని, అడిగిన కాగితాలన్నీ పంచాయతీ గ్రామసభ ముందు పెట్టాలని ఆ సెక్షను చెప్పింది. అంటే కూలి చేసినవారికే తనిఖీదారు హోదా వచ్చిందన్నమాట.

రాజస్థాన్ కూలీల పాఠం

ఈ ఆలోచన ఏ ఢిల్లీ కచ్చేరిలోనో పుట్టలేదు. రాజస్థాన్‌లో చేసిన పనికి కనీస కూలి రాక విసిగిన కూలీలు, చిన్న రైతులు అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ వంటి వారితో కలిసి 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్‌ను పెట్టుకొన్నారు. కూలి ఎందుకు తక్కువ ఇచ్చారని అడిగితే, మస్టరులో అలాగే ఉందని జవాబు. ఆ మస్టరు చూపమంటే, అది ప్రభుత్వ రహస్యమని జవాబు.

1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్ కిరానాలో వారు మొదటి బహిరంగ విచారణ జరిపారు. ఎలాగో సంపాదించిన బిల్లులను జనం మధ్య చదివారు. పేరు పిలిచినపుడు ఆ మనిషి లేచి, తాను ఆ పనికి వెళ్లనే లేదని చెబుతుంటే కాగితం గుట్టు అక్కడికక్కడే రట్టయింది. 1996లో బ్యావర్ పట్నంలో 40 రోజులు ధర్నా చేశారు. 'మా సొమ్ము, మా లెక్క' అన్నదే వారి నినాదం. పట్నంలోని చిన్న వర్తకులు, మామూలు జనం కూడా వారికి తోడు నిలిచారు. ఆ పోరాటమే పెరిగి పెరిగి 2005లో దేశమంతటికీ సమాచార హక్కు చట్టమయింది.

ఆ సంఘటన్ అనుభవాన్నే 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అరువు తెచ్చుకొంది. తనిఖీ జరిపేందుకు 2009లో ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. పని చేయించే శాఖ చేతిలోనే తనిఖీ కూడా ఉంటే కంచే చేను మేసినట్లవుతుంది కనుక, ఆ పనికి వేరే సంస్థ కావలసి వచ్చింది. రాజస్థాన్ సంఘటన్‌లో పనిచేసి వచ్చిన సౌమ్య కిదాంబి చాలా కాలం దానికి డైరెక్టరుగా ఉన్నారు.

తనిఖీ జరిగే తీరు

మండలంలో తనిఖీ అంటే ముందుగా ఎంపీడీవో కార్యాలయం నుంచి మస్టర్లు, కొలతల పుస్తకాలు, చెల్లింపుల కాగితాలు తీసుకొంటారు. కూలీల కుటుంబాలలోనే నాలుగు అక్షరాలు వచ్చిన యువతీ యువకులను ఎంపిక చేసి తర్ఫీదు ఇస్తారు. వారిని సొంత ఊరికి గాక వేరే ఊరికి పంపుతారు. అక్కడ వారు నాయకుల ఇళ్లలో గాని, అధికారుల ఖర్చుతో గాని భోజనం చేయరాదు. కూలీల వాడలోనే బస.

తర్వాత ఇంటింటికీ వెళ్లడం. జాబు కార్డు, పాసు పుస్తకం తెమ్మంటారు. మస్టరులో ఆ ఇంటివారి పేరున ఎన్ని రోజులు పడ్డాయో, ఎంత కూలి ఇచ్చినట్లుందో చదివి వినిపిస్తారు. చదువు రాని ముసలమ్మకు కూడా తాను ఎన్ని రోజులు తట్ట మోసిందీ గుర్తుంటుంది. చచ్చిపోయినవారి పేరు, వలస వెళ్లినవారి పేరు, బడికి పోయే పిల్లవాడి పేరు మస్టరులో కనిపిస్తే చెప్పడానికి పొరుగువాడు చాలు. ఇంకొక పక్క టేపు పట్టుకొని గట్టు పొడవు, గుంత లోతు కొలుస్తారు. కొలతల పుస్తకంలో ఉన్నదీ, నేల మీద ఉన్నదీ పక్కపక్కన రాస్తారు.

ఆ పైన ఊరిలో గ్రామసభ. చివరకు మండల కేంద్రంలో షామియానా కింద ప్రజావేదిక. ఫీల్డ్ అసిస్టెంటు, టెక్నికల్ అసిస్టెంటు, పోస్టుమాస్టరు, ఎంపీడీవో అందరూ ఉండగా ఊరి వారీగా ఆరోపణలు చదువుతారు. జవాబు చెప్పవలసిన వాడు అక్కడే చెప్పాలి. కూలీ కూడా మైకు ముందుకు వచ్చి మాట్లాడవచ్చు. ఏనాడూ ఆఫీసు గడప తొక్కనివాడు అధికారిని ఎదుట నిలబెట్టి ప్రశ్నించడం ఈ జిల్లా పల్లెలకు కొత్త అనుభవం.

కంప్యూటరులో ఉంటే సరా?

ఉపాధి పనుల లెక్కలు ఆంధ్రప్రదేశ్‌లో మొదటి నుంచీ కంప్యూటరుకెక్కాయి. ఏ ఊరిలో ఎవరికి ఎంత కూలి ముట్టిందీ ఎక్కడి నుంచైనా చూడవచ్చు. అది మంచిదే. కాని హైదరాబాదులో చూసేవారికి పేరు కనపడుతుంది, ఆ పేరు గల మనిషి కిందటేడు కాలం చేసిన సంగతి కనపడదు. ఆ సంగతి తెలిసిన ఊరివారికి కంప్యూటరు అందుబాటులో ఉండదు. లెక్క తెరిచి పెట్టడం ఒక సగం. తెలిసినవారు దాన్ని చదవడం రెండో సగం.

ఇంటింటా కంప్యూటరు ఉన్న మహానగరాలకు కూడా ఈ మాట వర్తిస్తుంది. అమెరికాలోని న్యూయార్క్ నగరం 2012లో ఒక చట్టం చేసి, నగర శాఖల లెక్కలన్నీ ఒకేచోట జనానికి తెరిచి పెట్టాలని నిర్ణయించింది. కార్లకు పోలీసులు రాసిన జరిమానాల చిట్టా కూడా అందులో చేరింది. 2016లో బెన్ వెల్లింగ్టన్ అనే లెక్కల పండితుడు ఆ చిట్టాను తీరికగా చదివాడు. కొన్ని చోట్ల కారు నిలపడం తప్పు కాదని 2008లోనే నిబంధన మారినా, అదే చోట్ల జరిమానాలు పడుతూనే ఉన్నట్లు తేలింది. పోలీసు శాఖ పరిశీలించి పొరపాటు ఒప్పుకొంది. నిబంధన మారిన సంగతి తమ వారిలో కొందరికి తెలియదని చెప్పి, వారికి తిరిగి తర్ఫీదు ఇచ్చింది. చిట్టా ఎదుటనే ఉన్నా, చదివేవాడు వచ్చిన దాకా వాహనదారుల జేబుకు చిల్లి పడుతూనే ఉంది.

చేపలు చిక్కినా తిమింగలాలు?

సామాజిక తనిఖీతో అక్రమాలన్నీ ఆగిపోయాయనుకొంటే పొరపాటు. 2006-2010 మధ్య రాష్ట్రంలో 8 జిల్లాలలోని 300 పంచాయతీల తనిఖీ నివేదికలను ఇద్దరు ఆర్థిక శాస్త్రజ్ఞులు పరిశీలించారు. కూలీల మస్టర్లలో మోసం కొంత తగ్గగా, సామగ్రి బిల్లులలో మోసం పెరిగిందని వారు తేల్చారు. కారణం ఊహించలేనిది కాదు. తాను చేసిన రోజులు కూలీకి తెలుసు. సిమెంటు బస్తాలు ఎన్ని వచ్చాయో, కంకర ఎన్ని ట్రాక్టర్లు తోలారో కూలీ ఎక్కడ లెక్కపెడతాడు? వెలుగు పడిన మూల నుంచి దొంగ చీకటి మూలకు జరిగాడన్నమాట.

రికవరీ మరొక లోపం. ప్రజావేదికలో సొమ్ము తిన్నట్లు తేలినా, అది తిరిగి ఖజానాకు చేరింది కొద్ది భాగమే. వేటు పడితే ముందుగా ఫీల్డ్ అసిస్టెంటు మీదనే పడిందని, పైవారి దాకా పోలేదని పల్లెలలో విమర్శ ఉంది. ఎదురు చెప్పిన కూలీ మరునాడు అదే ఊరిలో, అదే పెద్దల మధ్య బతకాలి. కనుక ఒంటరిగా ఒక్కరు లేచి చెప్పడం కన్నా, గుంపుగా పని చేసినవారంతా గుంపుగానే చెప్పడం మేలని అనుభవం నేర్పింది.

హక్కు చేతిలోనే ఉంది

2005 నాటి ఉపాధి చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు మరొక చట్టాన్ని ఆమోదించింది. పథకాలకు పేర్లు మారుతుంటాయి. లెక్క అడిగే హక్కు మాత్రం ఏ ఒక్క పథకానికీ సంబంధించినది కాదు. రోడ్డు, బడి, చౌకడిపో, తాగునీటి పథకం, దేని లెక్కనైనా సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు.

దీనికి ప్లీడరు అక్కర లేదు. తెల్లకాగితం మీద తెలుగులోనే రాయవచ్చు. రాయడం రానివారికి రాసిపెట్టడం సమాచార అధికారి బాధ్యత. ఎందుకు కావాలో కారణం చెప్పనక్కర లేదు. ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఎక్కడా రుసుము లేదు. 30 రోజులలో జవాబు రావాలి. రాకున్నా, వచ్చినది సరిగా లేకున్నా, మరో 30 రోజులలోగా అదే శాఖలోని పై అధికారికి అప్పీలు చేయవచ్చు. అక్కడా న్యాయం జరగకుంటే 90 రోజులలోగా సమాచార కమిషనుకు పోవచ్చు.

ఊరిలో పని జరిగినపుడు మస్టరుతో పాటు కొలతల పుస్తకం నకలు, సామగ్రి బిల్లుల నకలు కూడా అడిగితే సగం తనిఖీ అయినట్లే. మిగిలిన సగం ఊరి చేతిలో ఉంది. గ్రామసభ అనగానే సంతకం పెట్టి వెళ్లిపోకుండా, కాగితం చదివిన దాకా కూర్చోవాలి. తన పేరు ఎక్కడ ఉందో, ఎంత సొమ్ముకు ఉందో విన్న తర్వాతనే వేలిముద్ర వేయాలి.