దోషములు వెదకు సాధనమునకు పరీక్షలు

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకొనుచున్న మన విద్యార్థులకు "బగ్" అను మాట క్రొత్తది కాదు. ఆంగ్లమున దీనికి పురుగు అని అర్థము. యంత్రములలోని దోషమునకు ఈ పేరు పూర్వమే వాడుకలో నుండెను గాని, 1947వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీని అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునందు మార్క్ 2 అను కంప్యూటరులో నిజమైన రెక్కల పురుగే చిక్కుకొనెను. పనివారు దానిని వెలికిదీసి దినచర్య పుస్తకములో అంటించి యుంచిరి. ఆ పురుగు కంటికి కనబడినది. ప్రోగ్రాములలోని దోషములు కంటికి కనబడవు. వానిని వెదకుటకు డీబగ్గరు అను మఱొక ప్రోగ్రాము కావలెను. ఆ డీబగ్గరే తప్పు చెప్పినయెడల ఏమగును? అట్లు కాకుండ దానిని కాపాడుట యెట్లు? ఈ వ్యాసమున దీనినే వివరింతును.

డీబగ్గరు నడచుచున్న ప్రోగ్రామును మనము కోరిన పంక్తియొద్ద ఆపును. అప్పుడు ఏ చలరాశికి ఏ విలువ యున్నదో, ఏ ఫంక్షను దేనిని పిలిచినదో చూపును. పిదప ఒక్కొక్క యడుగుగా ముందునకు నడపును. రోగి నాడి పట్టి చూచు వైద్యుని వంటిది యిది. ఇట్టివానిలో ప్రసిద్ధమైనది జీడీబీ. దీనిని రిచర్డ్ స్టాల్‌మన్ గారు గ్నూ ప్రయత్నములో భాగముగా 1986లో వ్రాసిరి. నేడు ఇది సీ, ఫోర్ట్రాన్, ఏడా, రస్ట్ మొదలైన భాషలలోని ప్రోగ్రాములకును, అనేక విధములైన ప్రాసెసర్లకును పనికివచ్చుచున్నది.

ఒక చలరాశి విలువ నిజముగా 7 అయి యుండగా డీబగ్గరు 5 అని చెప్పెననుకొందము. ప్రోగ్రాము వ్రాసినవాడు లేని దోషమును వెదకుచు దినములు గడపును. ఉన్న దోషము అట్లే యుండును. తూనికరాళ్లే తప్పైన అంగడిలో లెక్క ఎంత శ్రద్ధగా వ్రాసినను ప్రయోజనమేమి? మఱియు జీడీబీని బాగుచేయువారు పలు దేశములలో నున్నారు. ఒకరు తమ యంత్రమునకై చేసిన చిన్న మార్పు, వారెన్నడును చూడని మఱొక యంత్రముపై పనిని పాడుచేయవచ్చును. దీనిని కనిపెట్టుటకే జీడీబీతో పాటు వేలకొలది పరీక్షలు గల యొక పరీక్షావళి కూర్పబడినది.

పరీక్ష జరుగు విధమిది. మొదట ఒక చిన్న ప్రోగ్రామును కంపైలరుచేత సిద్ధపఱతురు. తరువాత మనుష్యుడు కూర్చుండి ఆజ్ఞలు టైపుచేయుటకు మాఱుగా, ఎక్స్‌పెక్ట్ అను సాధనము జీడీబీకి ఆజ్ఞ నిచ్చి, అది యిచ్చు జవాబును ముందుగా వ్రాసియుంచిన నమూనాతో పోల్చును. ఎక్స్‌పెక్ట్‌ను డాన్ లిబ్స్ గారు నిర్మించిరి. దీనికి ఆధారమైన టికిల్ అను భాషను జాన్ ఆస్టర్‌హౌట్ గారు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునందు కల్పించిరి. ఈ రెంటిపై నిలిచిన డెజాగ్ను అను చట్రము పరీక్షలన్నిటిని వరుసగా నడపి ఫలితముల పట్టిక వ్రాయును.

ఇంతవరకు సులభమే. ఒక యంత్రముపై సరియైన పరీక్ష మఱొక యంత్రముపైనను న్యాయముగా తీర్పు చెప్పవలెననుటయే కష్టము. ఒక ప్రోగ్రాము మొదటి ఫంక్షనుయొద్ద ఆగుమని ఆజ్ఞాపించినప్పుడు జీడీబీ ఆ స్థలముయొక్క చిరునామాను సంఖ్యగా చూపును. ఆ సంఖ్య యంత్రమునుబట్టి మాఱును. కావున నమూనాలో ఆ సంఖ్యనే వ్రాయక, ఏ సంఖ్యయైనను ఒప్పునట్లు వ్రాయవలెను. సీ భాషలో "లాంగ్" అను రకము 64 బిట్ల లినక్సులో 8 బైట్లు, 64 బిట్ల విండోసులో 4 బైట్లు. 8 అను జవాబునే కోరు పరీక్ష, సత్యము చెప్పిన డీబగ్గరును రెండవచోట దోషిగా నిలుపును. "18వ పంక్తియొద్ద ఆగుము" అని వ్రాసిన పరీక్ష, ఎవరైన పైన నొక పంక్తి చేర్చినంతనే చెడును. కావున ప్రోగ్రాములో ఆ పంక్తి ప్రక్కన ఒక గుర్తుమాట వ్రాసి, పరీక్ష ఆ మాటను వెదకి పంక్తి సంఖ్యను తానే తెలిసికొనునట్లు చేయుదురు.

కాలము మఱొక చిక్కు. వేగము గల యంత్రముపై జవాబంతయు ఒక్కసారిగా వచ్చును. పనిభారము గల యంత్రముపై ముక్కలు ముక్కలుగా వచ్చును. నమూనా మొదటి ముక్కతోనే తృప్తిపడినచో, మిగిలినది తరువాతి ప్రశ్న జవాబుతో కలిసిపోవును. అప్పుడు పరీక్ష ఒకనాడు నెగ్గును, ఒకనాడు ఓడును. ఇట్టి బలహీనతను బయటపెట్టుటకు, జవాబును ఒక్కొక్క యక్షరముగా మాత్రమే చదువునట్లు చేసి పరీక్షలను నడపు పద్ధతి జీడీబీ పరీక్షావళిలో నున్నది. దీనివలన పరీక్షకే పరీక్ష జరుగుచున్నది.

ఇక తీర్పులను గూర్చి. పరీక్షనాడు దీపము ఆరి విద్యార్థి వ్రాయలేకపోయినయెడల దానిని అతని యజ్ఞానమని లెక్కించుట న్యాయము కాదుగదా. అందుచేత ఇచట పాస్, ఫెయిల్ అను రెండు తీర్పులే చాలవు. కంపైలరు వలనను, ఆపరేటింగు సిస్టము వలనను తప్పక కలుగు ఓటమిని "ఎక్స్‌ఫెయిల్" అందురు. అది జీడీబీ నేరము కాదు. జీడీబీలోనే దోషమున్నట్లు ముందే తెలిసినయెడల "కేఫెయిల్" అని వ్రాసి, ఆ దోషము నమోదైన సంఖ్యను చేర్తురు. ఆ యంత్రమునకు ఆ సౌకర్యమే లేనిచో "అన్‌సపోర్టెడ్" అందురు. ఓడునని గుర్తు పెట్టిన పరీక్ష ఒకనాడు నెగ్గినను దానిని వేఱుగా చూపుదురు. అప్పుడు విచారించి, కారణము తొలగినదని తేలినచో పాత గుర్తును తీసివేయవలెను.

ఈ శ్రద్ధ యంతయు ఎందుకు? "నాన్నా పులి" కథ మీరందఱు ఎఱుగుదురు. కారణము లేక నిత్యము ఫెయిల్ అని కేక వేయు పరీక్షను కొన్నాళ్లకు ఎవ్వరును లెక్కచేయరు. నిజమైన పులి వచ్చిన దినమునను ఎవ్వరును తిరిగి చూడరు. మార్పునకు ముందటి పట్టికను తరువాతి పట్టికతో పోల్చినప్పుడు, క్రొత్తగా చేరిన ఓటమి ఒక్కటైనను స్పష్టముగా కనబడవలెను. అందులకే ప్రతి పరీక్షకును వేఱు వేఱు పేరు పెట్టవలెననియు, మనిషి మనిషికి మాఱు ఫోల్డరు పేర్లు ఆ పేరులో రాకూడదనియు నియమము కలదు.

పరీక్షావళి ఒక్కసారి వ్రాసి అలమారలో దాచు గ్రంథము కాదు. క్రొత్త ప్రాసెసరు వచ్చును, కంపైలరు మాఱును. నిన్న న్యాయమైన పరీక్ష నేడు అన్యాయమగును. దానిని ఎప్పటికప్పుడు దిద్దుట పేరు రాని పనియే గాని, ఆ పని మానినచో డీబగ్గరు మాటను నమ్ముటకు ఆధారముండదు. జీడీబీయు దాని పరీక్షలును ఎవరైనను వెల లేకుండ తెచ్చుకొని చదువవచ్చును. విద్యార్థులారా, మీరు వ్రాసిన చిన్న ప్రోగ్రామునకు ఈ సెలవులలో మూడు పరీక్షలు వ్రాసి, వానిని వేఱొక కంప్యూటరుపై నడపి చూడుడు. ఓటమి కనబడినచో, తప్పు ప్రోగ్రాముదా, పరీక్షదా, యంత్రముదా అని విచారించిన పిమ్మటనే దిద్దుటకు పూనుకొనుడు.