కొండ దిగేటప్పుడు పెడల్ ఏం చెబుతోంది?

తిరుమల ఘాట్ రోడ్డులో కొండెక్కే బండి 28 నిమిషాల కన్నా ముందు పైకి చేరకూడదు. దిగే బండికి ఆ గడువు 40 నిమిషాలు. ఎక్కడమే కష్టం కదా, దానికే ఎక్కువ సమయం ఇవ్వాలి అనిపిస్తుంది. కానీ ఎక్కేటప్పుడు కష్టం ఇంజనుది, దిగేటప్పుడు బ్రేకులది. ఇంజను అలిసిపోతే బండి ఆగిపోతుంది. బ్రేకులు అలిసిపోతే ఆగదు.

ఎంత కష్టమో లెక్క వేయవచ్చు. అనంతసాగరం నుంచి కలువాయి, రాపూరు, వెంకటగిరి మీదుగా ఎనిమిది మందితో ఒక పాత వ్యాను తిరుమల వెళ్లిందనుకుందాం. మనుషులు, సామాన్లతో కలిపి బరువు 1,500 కిలోలు. తిరుమల నుంచి తిరుపతికి దిగుడు సుమారు 700 మీటర్లు. అంత బరువు అంత ఎత్తు నుంచి దిగితే విడుదలయ్యే శక్తి కోటి జౌళ్లకు కాస్త పైనే. బిందెల్లో పట్టుకొచ్చిన 35 లీటర్ల నీళ్లను మరిగించడానికి అది సరిపోతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న అదే వ్యానును 50 సార్లు ఆపినా ఇంతే వేడి పుడుతుంది. ఇందులో కొంత గాలి, ఇంజను పంచుకుంటాయి. మిగతాదంతా నాలుగు చక్రాల్లోని ఇనుము మింగాల్సిందే.

బరువు రెట్టింపైతే వేడీ రెట్టింపే. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయినప్పుడు మొదట వినిపించిన మాట బ్రేకులు పట్టలేదనే. ఆ బస్సులో సీట్లకు మించి ఎంతమంది ఉన్నారన్న సంగతి తర్వాత బయటికొచ్చింది. బస్సులవి గాలి బ్రేకులు, వ్యానులవి ఆయిల్ బ్రేకులు. అయినా బరువు లెక్క రెండింటికీ ఒకటే.

ఆయిల్ బ్రేకులో జరిగే పని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే. మూసి ఉంచిన ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది. డ్రైవర్ పెడల్ మీద 20 కిలోల బలం పెడితే, పెడల్ కడ్డీ దాన్ని అయిదింతలు చేసి మాస్టర్ సిలిండర్ పిస్టన్ మీద 100 కిలోలుగా మోపుతుంది. 20 మిల్లీమీటర్ల పిస్టన్ నుంచి బయల్దేరిన ఆ ఒత్తిడి, ముందు చక్రం దగ్గర 48 మిల్లీమీటర్ల పిస్టన్‌ను తోసేసరికి దాదాపు 580 కిలోల బలమవుతుంది. అమెరికాలో మాల్కమ్ లాక్‌హీడ్ ఈ ఏర్పాటుకు 1917లో పేటెంట్ తీసుకున్నాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఆయిల్ బ్రేకులతో మార్కెట్లోకి వచ్చింది. ఇదంతా సాగేది ద్రవం నొక్కుకుపోదన్న ఒక్క నమ్మకం మీద.

పాత బళ్లలో ఆ నమ్మకమే చెడుతుంది. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. హోస్ పైపు రబ్బరులోంచి, డబ్బా మూతకుండే సన్న రంధ్రంలోంచి ఏళ్ల తరబడి తేమ చేరుతూనే ఉంటుంది. డాట్ 3 రకం కొత్త ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. అందులో 3.7 శాతం నీరు చేరితే హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4లో ఈ అంకెలు 230, 155. వరసగా మలుపులు దిగుతుంటే చక్రం దగ్గరి ఆయిల్ ఆ వేడికి చేరి, మరిగి, ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ నేలకు తగులుతుంది, బ్రేకు పట్టదు.

తమాషా ఏమిటంటే, గంటసేపు బండి ఆపి ఉంచితే ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది. ఆత్మకూరులో గ్యారేజీకి తెచ్చేసరికి పెడల్ శుభ్రంగా ఉంటుంది. మెకానిక్ రెండు వీధులు తిప్పి చూసి ‘బాగానే ఉందన్నా’ అంటాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. ఆ రెండు వీధుల్లో ఘాట్ లేదు, అంతే.

వేడివల్ల వచ్చే ఇంకో జబ్బుంది, దాని లక్షణం వేరు. పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా బండి మాత్రం ఆగదు. ఇక్కడ చెడింది ఆయిల్ కాదు, లైనింగ్. మితిమీరిన వేడికి దాని పట్టు తగ్గింది. వెనక చక్రాల డ్రమ్ము వేడికి వ్యాకోచించి షూకు దూరం జరుగుతుంది కూడా. మాడిన వాసన వస్తే అదే. తర్వాత విప్పి చూస్తే లైనింగ్ మీద గాజులాంటి మెరుపు కనిపిస్తుంది.

అందుకే రిపేరుకు ముందు డ్రైవర్‌ను సరిగ్గా అడగాలి. పెడల్ మెత్తగా ఉండి, రెండు మూడు సార్లు కొడితే పైకి లేస్తోందా? లైన్లో గాలి ఉంది, లేదా షూలు అరిగి డ్రమ్ముకు దూరమయ్యాయి. తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి జారిపోతోందా? ఆయిల్ మట్టం తగ్గకుండా ఇలా జరుగుతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి వాషర్లు పోయాయి, ఆయిల్ ముందుకు పోకుండా వెనక్కి జారుతోంది. మట్టం తగ్గుతుంటే ఎక్కడో కారుతోందన్నమాట. అప్పుడు టైరు లోపలి వైపు చెయ్యి పెట్టి చూడాలి. తడి జిడ్డు తగిలితే వీల్ సిలిండర్ పోయినట్టే. ఆ చక్రం లైనింగూ ఆయిల్ తాగి ఉంటుంది, దాన్ని కడిగి వాడటం వృథా.

పెడల్ రాయిలా ఉంటే, కాలి బలానికి తోడయ్యే బూస్టర్‌ను అనుమానించాలి. ఇంజను ఆపి నాలుగైదు సార్లు పెడల్ తొక్కితే గట్టిపడుతుంది. అలాగే అదిమి పట్టి స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్‌కు వాక్యూమ్ అందడం లేదు. మన పాత డీజిల్ వ్యాన్లు చాలావాటిలో వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. అది అరిగిపోతే బ్రేకులన్నీ కొత్తవి వేసినా లాభం లేదు. డీజిల్ మిగులుతుందని వాలులో ఇంజను ఆపేసి జారే అలవాటు కొందరికుంది. ఇంజను ఆగాక బూస్టర్‌లో మిగిలే బలం రెండు మూడు తొక్కులకే. ఆ మిగిలే డీజిల్ ఎంతో, పోయేది ఎంతో ఆలోచించుకోవాలి.

అన్నిటికన్నా మోసం చేసేది ముందు చక్రం హోస్ పైపు. బయటికి నల్లగా, నున్నగా ఉంటుంది. లోపలి పొర ఊడి కవాటంలా అడ్డం పడుతుంది. తొక్కిన ఆయిల్ చక్రానికి వెళుతుంది గానీ తిరిగి రాదు. బండి ఒక పక్కకు లాగుతుంది, ఆ చక్రం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. జాకీ మీద లేపి చక్రం తిప్పితే పట్టేసి ఉంటుంది. గాలి తీసే నిపుల్ కాస్త వదులు చేయగానే ఆయిల్ చిమ్మి చక్రం విడిపోతే, దాన్ని పట్టే కాలిపర్‌ది తప్పు కాదు. పైపును మాస్టర్ సిలిండర్ దగ్గర వదులు చేసి చూడాలి. అప్పటికీ చక్రం విడవక, నిపుల్ దగ్గరే విడిస్తే దోషి హోస్. ఈ పరీక్ష చేయకుండా కాలిపర్ మార్చి, డబ్బు వదిలించుకున్నవాళ్లు తక్కువేం కాదు.

లైనింగ్ సంగతికొస్తే, దాని సరుకులో కొంత వెలిగొండలకు అవతల దొరికేదే. ఓబులవారిపల్లె మండలం మంగంపేట గనుల ముగ్గురాయి ఎక్కువగా చమురు బావుల తవ్వకానికి పోతుంది. అదే ఖనిజాన్ని బ్రేక్ లైనింగుల్లోనూ కలుపుతారు. ఒకప్పుడు లైనింగుల్లో రాతినార ఉండేది. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లిలో దాన్ని తవ్వేవారు. ఆ ధూళి ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెస్తుంది. పాత వ్యాను డ్రమ్ము విప్పినప్పుడు గాలి కొట్టి దులపకూడదు, తడిగుడ్డతో తుడవాలి.

చివరికి గాలి తీయడం. ఒకరు పెడల్ కొట్టి పట్టుకోవాలి, ఇంకొకరు నిపుల్ విప్పి, మళ్లీ బిగించాకే పెడల్ వదలమనాలి. ముందే వదిలితే బయటి గాలి లోపలికి పోతుంది. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం మామూలు పద్ధతి. పాత బండిలో పెడల్‌ను నేలదాకా తొక్కనివ్వకూడదు. ఏళ్లుగా పిస్టన్ వెళ్లని చోట సిలిండర్ తుప్పు పట్టి ఉంటుంది. అక్కడ రాసుకుంటే రబ్బరు వాషర్లు చిరిగి, నిన్నటిదాకా లేని జబ్బు ఈరోజు మొదలవుతుంది. పెడల్ కింద ఒక చెక్కముక్క పెడితే చాలు. వాషర్లను పెట్రోలుతో గానీ డీజిలుతో గానీ కడిగితే ఉబ్బిపోతాయి, బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. షూలు, ప్యాడ్లు ఒక పక్కే మార్చకూడదు, రెండు పక్కలా మార్చాలి.

దారిలోనే పెడల్ పోతే గబగబా కొట్టి చూడాలి, గేరు తగ్గించాలి, హ్యాండ్‌బ్రేకును ఆగి ఆగి లాగాలి. హ్యాండ్‌బ్రేక్ తీగతో పనిచేస్తుంది కాబట్టి ఆయిల్ లేకపోయినా వెనక చక్రాలను పడుతుంది. కొండ దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పేది అక్షరాలా నిజం. ఆ గేరులో వేడి భారం చాలావరకు ఇంజను మీదకు పోతుంది.

వ్యాను కొన్నప్పటి నుంచి బ్రేక్ ఆయిల్ తగ్గితే పోయడమే తప్ప పూర్తిగా మార్చని బళ్లు పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. డబ్బాలో ఆయిల్ టీ రంగుకు తిరిగితే ఇక ఆలోచించనక్కర్లేదు. రంగు మారకపోయినా రెండేళ్లకోసారి మొత్తం తీసేసి, మూత మీద రాసి ఉన్న రకాన్నే సీలు తీయని డబ్బాలోంచి పోయించండి. మీ వ్యానుకు ఆ పని చేయించి రెండేళ్లు దాటితే, తిరుమల ప్రయాణానికి ముందే చేయించండి.