ముక్కు కింద బల్ల... గాలికి దారి!

తెర మీద హీరోగారి కారు రివ్వున దూసుకొచ్చినప్పుడు మన కళ్ళు ఎక్కడికి పోతాయి? చక్రాల దగ్గర లేచే దుమ్ము మీదికి. లేదంటే వెనకాల డిక్కీ మీద నిలబెట్టిన రెక్క మీదికి. పక్క సీట్లో హీరోయిన్ ఉంటే అసలు కారు వైపే పోవనుకోండి, అది వేరే సంగతి! కానీ ముందు బంపరు అడుగున, నేలకి జానెడు ఎత్తులో, కింది పెదవి చాచినట్టు ఒక పలక ఉంటుంది. దాన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. దాని పేరు స్ప్లిట్టరు. గాలిని రెండుగా చీల్చేది కాబట్టి ఆ పేరు.

"అది పెట్టిస్తే ఇంజను చల్లగా ఉంటుందట" అని ఒక కుర్రాడంటాడు. "ఉత్త సోకురా బాబూ" అని ఇంకొకడంటాడు. ఇద్దరిలో ఎవరిది నిజం? సంక్రాంతికి అమలాపురం వెళ్ళినప్పుడు మా మేనల్లుడి పుణ్యమా అని ఆ తమాషా దగ్గరుండి చూశాను. మీకు చెప్పకుండా ఉంటానా!

ముందు మన సినిమా కబురు. సికింద్రాబాద్‌లో పుట్టి, 1993లో మన తెలుగు 'ప్రేమ పుస్తకం'తో హీరో అయిన అజిత్ కుమార్‌కి కారు పందేలంటే ప్రాణమని మీకు తెలుసు. 2025 జనవరిలో దుబాయిలో 24 గంటల పందేనికి సొంత జట్టుతో వెళ్ళారు. సాధనలో కారు గోడను గుద్దుకుంది. అభిమానుల గుండెలు జారిపోయాయి. ఆయన క్షేమంగా బయటపడ్డారు, జట్టు తన వర్గంలో మూడో స్థానం తెచ్చుకుంది. జాతీయ జెండా పట్టుకుని ఆయన చేసిన సందడి మీరూ చూసే ఉంటారు.

ఆ జట్టు కారు పోర్షే 911 జీటీ3 కప్పు. ఈ 911 అనే కారుకి ఇంజను వెనకాల ఉంటుంది. 1960ల నుంచి 1998 దాకా దాన్ని చల్లబరిచింది గాలే, రేడియేటరు లేదు. తర్వాత నీళ్ళు వచ్చాయి. ఇంజను వెనకాలే ఉండిపోయింది గానీ రేడియేటర్లు ముందుకొచ్చాయి. ఎందుకూ? గాలి ముందుగా దొరికేది అక్కడే కాబట్టి! పందెం కారు బానెట్టు మీద పెద్ద పెద్ద కన్నాలు కనిపిస్తాయి చూడండి, అవి అందానికి కాదు. రేడియేటరు గుండా వచ్చిన వేడి గాలి బయటికి పోయే దారులు. ఈ కన్నాల సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఇక మా వాడి కథ. హైదరాబాదులో సెకండ్‌హ్యాండులో కొన్నాడు, రెండు తలుపుల స్పోర్ట్సు కారు. డబ్బు వాళ్ళ నాన్నగారిది, అంటే కొబ్బరి తోటది. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో 3.717 కిలోమీటర్ల రేసు ట్రాకు ఉంది. సొంత కార్లు తెచ్చుకుని నడిపే రోజులు అక్కడ ఉంటాయి. మా వాడికి ఆ ట్రాకు మీద ఇరవై నిమిషాలు నడపాలని కోరిక. ఏం లాభం! హైవే మీద గట్టిగా తొక్కితే చాలు, వేడి ముల్లు ఎర్ర గీత వైపు పాకుతోంది. అది దాటితే హెడ్ గాస్కెట్ పోతుంది. గాస్కెట్ పోతే ఇంజను విప్పాలి. ఇంజను విప్పితే నాన్నగారు ఇంకో దింపు కొబ్బరి అమ్మరు, కారే అమ్మేస్తారు!

"మావయ్యా, స్ప్లిట్టరు పెట్టిస్తా. అదొక్కటే మందు" అన్నాడు.

అమలాపురంలో మాకు తెలిసిన మెకానిక్కు దగ్గరికి వెళ్ళాం. పెద్దాయన. కారు చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, "బల్ల తరవాతెడదాం బాబూ, ముందు ఇందులో ఏ నీళ్ళు పోస్తన్నారండీ?" అన్నాడు. బోరు నీళ్ళట! సముద్రం పక్క ఊళ్ళలో బోరు నీళ్ళు ఎంత ఉప్పన చెప్పాలా? రేడియేటరు విప్పి చూస్తే సన్న గొట్టాల్లో పాచిపళ్ళకి గార పట్టినట్టు ఉప్పు గార. ముందు అది కడిగించాడు. కంపెనీవాళ్ళు చెప్పిన కూలెంటు పోయించాడు. మూత కూడా మార్పించాడు. ఆ మూత ఆవిరిని నొక్కి పట్టి ఉంచబట్టే 100 డిగ్రీల దగ్గర మరగాల్సిన నీళ్ళు దాదాపు 120 దాకా మరగకుండా ఉంటాయి. (అందుకే కారు వేడిగా ఉండగా ఆ మూత తియ్యకండి. మొహం కాలుతుంది, హీరో మొహమైనా సరే.)

తర్వాత మా వాడు ఒక సినిమా పని చేశాడు. 2019లో వచ్చిన 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ' చూశారా? అందులో గాలి ఎటు పోతోందో కనిపెట్టడానికి కారు ఒంటినిండా ఊలు దారాలు అంటిస్తారు. వీడూ వాళ్ళమ్మ ఊలుబంతి కాజేసి ముక్కలు చేసి, బంపరు నోట్లోనూ చుట్టూతానూ అంటించాడు. (ముందు కొబ్బరి పీచు తాడు ప్రయత్నించాడు. మరీ బిరుసు, పనికిరాలేదు!) లోపల చిన్న కెమెరా బిగించి హైవే మీద నడిపొచ్చాడు. బొమ్మ చూస్తే ఏముంది? నోట్లోకి వచ్చిన గాలిలో సగం రేడియేటరు మొహమే చూడట్లేదు. పక్క సందుల్లోంచి జారుకుంటోంది.

మెకానిక్కుగారు చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. "మన కాలవ లాంటిదేనండి గాలి. బల్లెట్టడవంటే కాలవకి అడ్డుకట్టెయ్యడవండి. నీరు ఎత్తుకుని బోదెలోకి మళ్ళుద్ది. కానీ బోదె గట్టుకి గండ్లుంటే చేనికి నీరెక్కదు. చేనవతల మురుక్కాలవ లేకపోయినా ఎక్కదు. ఆయ్!"

ఏ పుస్తకం ఇంతకంటే బాగా చెబుతుందండీ! కారు ముక్కుకి తగిలిన గాలి అక్కడ ఆగి ఒత్తిడి పెంచుకుంటుంది. బల్ల లేకపోతే అందులో కొంత కిందికి జారి కారు పొట్ట కిందికి దూరుతుంది. బల్ల ఉంటే ఆగుతుంది, ఒత్తిడి నిలబడుతుంది, పైనున్న నోట్లోకి గాలి గట్టిగా వెళుతుంది. బల్ల కింద నుంచి పోయే గాలి వేగం పుంజుకుని అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. పైన ఎక్కువ, కింద తక్కువ. దాంతో ముందు చక్రాలు రోడ్డుకి అదుముకుంటాయి. అసలు పందెం కార్లకి బల్ల పెట్టేది ముఖ్యంగా ఈ అదుము కోసమే. చల్లదనం కొసరు.

అవతలి దారి మాటకొస్తే మన కుర్రాళ్ళు చేసే ఒక పని చెప్పాలి. వేడి పోవాలని బానెట్టు వెనక అంచు కింద వాషర్లు పెట్టి ఎత్తుతారు. కానీ అద్దం మొదట్లో గాలి గుద్దుకుని ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. కారు పరిగెత్తేటప్పుడు వేడి బయటికి పోవడం అటుంచి, బయటి గాలే లోపలికి తోసుకొస్తుంది! కన్నం పెట్టాలంటే బానెట్టు ముందు భాగంలో, రేడియేటరు వెనకాలే పెట్టాలి. పోర్షేవాళ్ళు పెట్టింది అక్కడే.

సరే, గండ్లు పూడ్చే పని మొదలైంది. బంపరుకీ రేడియేటరుకీ మధ్య సందులన్నిటికీ అల్యూమినియం రేకు, ఫోము పట్టీలు. ఆ రోజే హైవే మీద ముల్లు బాగా కిందికి దిగింది. బల్ల ఇంకా రానే లేదు సుమండీ!

బల్ల చేసింది సముద్రపు ఒడ్డున ఫైబరు పడవలు బాగుచేసే మనిషి. అలల దెబ్బకి నిలిచే పడవ చేసేవాడికి గాలి దెబ్బ ఒక లెక్కా? బంపరుకి కాకుండా లోపలి ఇనప చట్రానికి బోల్టులు వేసి, పైనుంచి రెండు కడ్డీలతో బిగించాడు. మెకానిక్కుగారు దాని మీద ఎక్కి నిలబడ్డాడు. ఊగలేదు. అలా ఊగకూడదు కూడా. ఎందుకంటే గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి చదరపు మీటరుకి సుమారు 47 కిలోల బరువుతో తోస్తుంది. 40 కిలోమీటర్ల వేగంలో అయితే ఏడున్నర కిలోలు, అంతే. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలవుతుంది.

బల్ల పెట్టాక హైవే మీద ముల్లు ఇంకాస్త దిగింది. మా వాడు చొక్కా కాలరెత్తాడు. కానీ కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అదే కారులో బయలుదేరాం. జనం, ఎద్దుబళ్ళు, ట్రాక్టర్లు. నడిచేవాళ్ళు మమ్మల్ని దాటిపోతున్నారు. ముల్లు మళ్ళీ పైకి! ఆ నడకలో బల్లకి తగిలే గాలేదీ? అక్కడ కాపాడాల్సింది రేడియేటరు వెనకాల ఫాను, దాని చుట్టూ ఉండే డొప్ప. ఆ డొప్ప పగిలి ఉంది. ఇది చాలదన్నట్టు కాలవ వంతెన ఎక్కుతుంటే బల్ల నేలకి గీసుకుని ఊరంతా వినబడేలా అరిచింది.

ఇంకో రెండు మాటలు మెకానిక్కుగారే హెచ్చరించాడు. ముందు మాత్రమే అదుము పెంచి వెనక వదిలేస్తే, గట్టి వేగంలో మలుపు తిరిగేటప్పుడు కారు తోక తేలిపోతుంది. ట్రాకు మీద అది చాలా ప్రమాదం. అందుకని బల్లని నాలుగు వేళ్ళ మేర వెనక్కి కోయించాడు. రెండోది, రోడ్డు మీద పిల్లలూ పశువులూ అడ్డొచ్చే చోట ముందుకి పొడుచుకొచ్చిన పలక కత్తితో సమానం. పైగా కారు రూపం ఇష్టం వచ్చినట్టు మార్చడానికి 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ఒప్పుకోదు. "ట్రాకు కాడ తగిలించండి, ఇంటికొచ్చేటప్పుడు ఊడదీసెయ్యండి" అని ఆరు బోల్టులతో ఊడొచ్చేలా చేసిచ్చాడు.

ఫిబ్రవరిలో మా వాడు చెన్నై వెళ్ళాడు. కొత్త ఫాను డొప్ప, కడిగిన రేడియేటరు, గండ్లు పూడ్చిన బంపరు, దాని కింద బల్ల. ఇరవై నిమిషాలూ ముల్లు మధ్య గీత దాటలేదని ఫోను చేశాడు. గొంతులో ఆనందం చూడాలి, వంద రోజుల బొమ్మ ఆడినట్టు! ఎన్నో స్థానం వచ్చిందిరా అంటే, "అది పందెం కాదు మావయ్యా" అని విసుక్కున్నాడు.

బల్ల ఇప్పుడు వాళ్ళ కొబ్బరి రాశుల కొట్లో గోడకి ఆనించి ఉంది. ఆరు బోల్టులూ గుడ్డలో మూటగట్టి దానికే వేలాడదీశాడు. వాళ్ళ నాన్నగారు రోజూ చూసి, "ఇదేం పడవ ముక్కరా?" అని అడుగుతున్నారట.