మా ‘లడ్డూ’కు షుగరొచ్చింది!

ఇంట్లో పిల్లికి షుగర్ వచ్చిందని చెబితే మనవాళ్లు ముందు నవ్వుతారు. ‘లడ్డూ అని పేరు పెడితే షుగర్ రాక ఇంకేమొస్తుంది?’ అని డాలస్‌లోని మా మిత్రులు ఇప్పటికీ ఆటపట్టిస్తుంటారు. నవ్వులయ్యాక మాత్రం ఒక్కొక్కరే పక్కకు వచ్చి అడుగుతారు... ‘అవునూ, రోజూ ఇంజెక్షన్ ఎలా చేస్తారు? షుగర్ ఎలా చూస్తారు? డౌన్ అయితే ఎలా తెలుస్తుంది?’ అని. అమెరికాలోని తెలుగు ఇళ్లలో పిల్లలు పట్టుబట్టి తెచ్చుకున్న పిల్లులకు ఇప్పుడు వయసు మీద పడుతోంది. అందుకే ఏడాదిగా మేం నేర్చుకున్నది నలుగురికీ పనికొస్తుందని రాస్తున్నాను. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని, డాక్టర్‌ని కాను. డోసు ఎంతన్నది మీ వెట్ చెప్పాల్సిందే.

నీళ్ల గిన్నెతో మొదలు

లడ్డూకి తొమ్మిదేళ్లు. నారింజ రంగు చారల మగ పిల్లి. మా అమ్మాయి రెండో తరగతిలో ఉండగా షెల్టర్ నుంచి తెచ్చుకుంది. ఇంట్లో వాణ్ని ‘అది’ అని ఎవరం అనం. నిరుడు వేసవిలో వాడి నీళ్ల గిన్నె ఒక్క పూటకే ఖాళీ అవడం మొదలైంది. లిట్టర్ బాక్సులో ఉండలు రెండింతలయ్యాయి. తిండి మునుపటికన్నా ఎక్కువే తింటున్నాడు, బరువు మాత్రం 16 పౌండ్ల నుంచి 13కు పడిపోయింది. సోఫా మీదికి ఎగరడం మానేశాడు. వెనక కాళ్ల మడమలు నేలకు ఆనించి నడవసాగాడు. షుగర్ నరాలను దెబ్బతీసినప్పుడు పిల్లులు అలా నడుస్తాయని తర్వాత తెలిసింది.

వెయ్యి పిల్లుల్లో రెండు నుంచి పదింటికి ఈ జబ్బు వస్తుందని పశువైద్యుల అంచనా. ఎక్కువ శాతం మనుషుల్లో వచ్చే టైప్-2 లాంటిదే. వయసు మళ్లినవి, ఒళ్లు చేసినవి, ఇల్లు దాటనివి, ఆపరేషన్ అయిన మగ పిల్లులు... వీటికి ముప్పు ఎక్కువ. మా వాడికి నాలుగూ ఉన్నాయి.

క్లినిక్‌లో రక్తం తీస్తే 418 వచ్చింది. అయినా వెట్ ఆ ఒక్క అంకెతో తేల్చలేదు. భయపడితేనే పిల్లి షుగర్ ఒక్కసారిగా పెరుగుతుందట. కారు ప్రయాణం, కుక్కల అరుపులు, కొత్త చేతులు... ఇవి చాలు. అందుకే ఫ్రక్టోసమీన్ అనే పరీక్ష చేశారు. మనకు హెచ్‌బీఏ1సీ మూడు నెలల సగటు చెప్పినట్టు, పిల్లికి ఇది గత రెండు వారాల సంగతి చెబుతుంది. అదీ ఎక్కువే ఉండటంతో షుగరేనని తేలింది.

మాత్రలు ఉన్నాయి, కానీ...

‘మాత్ర ఇస్తే పోదా?’ అన్నది నా మొదటి ప్రశ్న. పిల్లుల కోసం 2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్రకు, 2023 ఆగస్టులో వెలాగ్లిఫ్లోజిన్ ద్రవానికి అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. రోజుకు ఒక్కసారి ఇస్తే చాలు. అయితే అవి అన్ని పిల్లులకూ పనికిరావు. కీటోన్లు పెరిగి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉందని వాటి మీదే గట్టి హెచ్చరిక ఉంటుంది. లడ్డూ మూత్రంలో అప్పటికే కీటోన్లు కనిపించాయి. అందుకని ఇన్సులినే దారి అన్నారు. గ్లార్జిన్, ఒక యూనిట్, పన్నెండు గంటలకోసారి. ఉదయం ఆరున్నర, సాయంత్రం ఆరున్నర.

సూది వేయడం అనుకున్నంత కష్టం కాదు. గిన్నెలో తిండి పెట్టి, వాడు తింటుండగా పక్కటెముకల మీద వదులుగా ఉండే చర్మాన్ని పైకెత్తి వేస్తాం. సూది వెంట్రుకంత సన్నం. వాడు తల కూడా ఎత్తడు. ముందు తిండి, తర్వాతే సూది. ఏ పూటైనా తినకపోతే ఇన్సులిన్ ఇచ్చే ముందే వెట్‌కు ఫోన్ చేయాలి. మందు కాస్త బయటకు కారిందేమో అన్న అనుమానం వచ్చినా రెండోసారి వేయకూడదు. వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండర్‌లో తిథి పక్కనే ఉదయానికో టిక్కు, సాయంత్రానికో టిక్కు పెడతాం. నేను వేశానో, మా ఆవిడ వేసిందో అన్న గందరగోళం ఉండదు.

ఎర్ర మూత, నారింజ మూత

ఇండియా నుంచి తల్లిదండ్రులు వచ్చి ఉండే ఇళ్లలో ఇది ముఖ్యం. మా అమ్మ తెనాలి నుంచి వచ్చేటప్పుడు తన ఇన్సులిన్ తెచ్చుకుంది. ఆ సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు. మన దగ్గర అవి మామూలే, వాటి సిరంజీకి ఎర్ర మూత. లడ్డూ వాడే గ్లార్జిన్‌లో మిల్లీలీటరుకు 100 యూనిట్లు, దాని సిరంజీకి నారింజ మూత. మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే సీసాలోని మందును ఎర్ర మూత సిరంజీతో ‘ఒకటి’ గీత దాకా తీస్తే లోపలికి వెళ్లేది ఒకటి కాదు, రెండున్నర యూనిట్లు. 13 పౌండ్ల పిల్లికి అది చిన్న తేడా కాదు. పైగా పిల్లుల కోసమే తయారయ్యే కొన్ని ఇన్సులిన్‌లు 40 యూనిట్లవి ఉంటాయి. అందుకే ఫ్రిజ్‌లో అమ్మది పై అర, లడ్డూది కింది అర. సిరంజీల డబ్బాలు కూడా వేర్వేరు గదుల్లోనే.

ఒక్క అంకెను చూసి పెంచొద్దు

షుగర్ చూడటానికి చెవి అంచున చిన్నగా గుచ్చి చుక్క రక్తం తీస్తాం. మనుషుల గ్లూకోమీటర్ పిల్లి రక్తాన్ని ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తుంటుంది కాబట్టి పెంపుడు జంతువుల మీటరే కొన్నాం. మొదటి నెలల్లో వెట్ వాడి భుజం మీద బొచ్చు గొరిగి, మనవాళ్లు చేతికి అంటించుకునే సెన్సరే అంటించారు. పద్నాలుగు రోజులు ఉండాల్సింది వాడికి తొమ్మిదో రోజునే ఊడింది. ఆ తొమ్మిది రోజులూ ఫోన్‌లో గీత కనిపిస్తూనే ఉంది. బ్రిటన్‌లో ఉన్నవారి మీటర్లు వేరే లెక్కలో చూపిస్తాయి, ఆ అంకెను 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది.

ఒక శనివారం ఉదయం 340 చూపించింది. ‘నాన్నా, అర యూనిట్ పెంచుదామా?’ అని అమ్మాయి కంగారుపడింది. వెట్ వద్దన్నారు. ఆమె చెప్పింది మూడు ముక్కల్లో ఇదీ: డోసు మారిస్తే అది కుదురుకోవడానికి అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఈలోగా మళ్లీ మార్చకూడదు. రెండు, సూది వేసే ముందు ఎంత ఉందన్నది ఒక్కటే చాలదు, రెండు డోసుల మధ్య అన్నిటికన్నా కిందికి ఎంత దిగిందో చూడాలి. అది 80 నుంచి 150 మధ్య ఉంటే మంచిది. మూడు, కొన్నిసార్లు రాత్రి బాగా కిందికి పడిపోతే శరీరమే కాలేయంలో దాచుకున్న చక్కెరను బయటకు వదులుతుంది. తెల్లారేసరికి మీటర్ ఎక్కువ చూపిస్తుంది. అది చూసి డోసు పెంచితే మరుసటి రాత్రి ఇంకా ప్రమాదం.

మా వృత్తిలోనూ ఇంతే. సర్వర్ గ్రాఫ్ ఒక్కసారి ఎగిసిందని కనపడిన సెట్టింగల్లా మార్చేస్తే అసలు జబ్బేదో, మందు చేసిన గొడవేదో తెలియకుండా పోతుంది. ఒక్కటి మార్చాలి, ఆగాలి, చూడాలి. ఇన్సులిన్‌తో ఉన్న పిల్లికి తిండి మార్చినా ఇదే సూత్రం. పొడి తిండి నుంచి పిండి పదార్థం తక్కువుండే తడి తిండికి మారితే షుగర్ దానంతటదే తగ్గుతుంది. పాత డోసు అలాగే కొనసాగిస్తే ఎక్కువైపోతుంది. మేం వెట్‌కు చెప్పే మార్చాం.

రాత్రి పదకొండుకు 54

ఏడో వారం, రెండో సెన్సర్ అంటించిన మూడో రోజు. రాత్రి పదకొండుకు ఫోన్ మోగింది... 54. సెన్సర్ చర్మం కింది ద్రవాన్ని చూసి చెబుతుంది, రక్తంకన్నా కొన్ని నిమిషాలు వెనకుంటుంది. అందుకని చెవి గుచ్చి చూస్తే 51. లడ్డూ బల్ల కింద పడుకుని ఉన్నాడు. పిలిస్తే లేచాడు కానీ అడుగులు తడబడుతున్నాయి. మా ఆవిడ ఇరవై నాలుగు గంటల పశువుల ఆస్పత్రికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. వాళ్లు చెబుతుంటే వేలికి కార్న్ సిరప్ రాసుకుని వాడి చిగుళ్లకు పూశాను. స్పృహ లేకపోయినా, మింగలేకపోయినా నోట్లో పోయకూడదు, చిగుళ్లకు రాస్తూ ఆస్పత్రికి పరుగెత్తాలి. లడ్డూ నాలుకతో నాక్కున్నాడు. పది నిమిషాలకు తిండి వాసన చూసి తిన్నాడు. సిరప్ ప్రభావం కాసేపే ఉంటుంది కాబట్టి తిండి తప్పనిసరి. పావుగంటకోసారి చూశాం. 63, 70, 88. ఒంటిగంటన్నరకు 96 అయ్యాక అమ్మాయి ఏడుపు ఆపింది.

ఇక్కడ తెల్లవారుజామంటే అమ్మకు సాయంత్రం. వీడియో కాల్‌లో అంతా విని, ‘ఒరేయ్, ఎక్కువుంటే రేపు డాక్టర్‌ని అడగొచ్చు. తక్కువైతే ఇప్పుడే చూసుకోవాలి’ అంది. పదిహేనేళ్లుగా చేతిసంచిలో బెల్లం ముక్క లేకుండా గుమ్మం దాటని మనిషి మాట అది.

పొద్దున్నే వెట్ డోసును సగం చేశారు. కారణం వింటే సంతోషమే. షుగర్ అదుపులో ఉంటే కొన్ని పిల్లుల క్లోమం మళ్లీ కోలుకుని సొంతంగా ఇన్సులిన్ తయారుచేస్తుందట. నిన్నటిదాకా సరిపోయిన డోసు ఆ రోజు నుంచి ఎక్కువవుతుంది. అంటే పిల్లి బాగుపడుతున్న రోజులే ఎక్కువ కాపలా కాయాల్సిన రోజులు.

ఎక్కువ షుగర్‌ను తేలిగ్గా తీసుకోమని కాదు. తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, నీరసంగా ముడుచుకుని పడుకుంటే కీటోన్లు పెరిగాయేమో. దానికి రేపటిదాకా ఆగకూడదు.

ఇండియా ప్రయాణం ఎలా?

అందరూ అడిగే ప్రశ్న ఇది. ‘పిల్లి కోసం ఊరు రావడం మానేస్తారా?’ అని చుట్టాలు సూటిగానే అడిగారు. మానలేదు. మా వీధిలో ఒక రిటైరైన వెటర్నరీ టెక్నీషియన్ ఉన్నారు. ప్రయాణానికి రెండు వారాల ముందు నుంచి ఆమె రోజూ వచ్చి మా ఎదుటే సూది వేశారు. లడ్డూ ఆమెకు అలవాటయ్యాడు. ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం అంటించాం. ఎంత ఉంటే వేయాలి, ఎంత కంటే తక్కువైతే ఆపి ఫోన్ చేయాలి, ఆస్పత్రి నంబరు... అన్నీ వెట్ చేతే రాయించాం. అలాంటి మనిషి దొరకనివారికి కొన్ని క్లినిక్‌లే బోర్డింగ్ ఇస్తాయి. సంక్రాంతి సెలవులకు ముందుగానే అడగాలి. ఇక్కడి వేడుకల్లో సాయంత్రం ఆరు దాటితే మేమిద్దరిలో ఒకరం ఇంటికి వస్తాం. ఉగాది కార్యక్రమంలో అమ్మాయి నాట్యం మా ఆవిడ చూసింది, నేను వీడియోలో చూశాను.

ప్రస్తుతం లడ్డూ పూటకు అర యూనిట్ మీద ఉన్నాడు. బరువు పద్నాలుగున్నర పౌండ్లు. మడమలు నేలకు ఆనడం లేదు, సోఫా ఎక్కుతున్నాడు. ఇన్సులిన్ పూర్తిగా ఆగొచ్చు, ఆగకపోవచ్చు. ఆగినా కొన్ని పిల్లులకు మళ్లీ వస్తుందని వెట్ ముందే చెప్పారు.

మీ పిల్లి నీళ్ల గిన్నె మామూలుకన్నా త్వరగా ఖాళీ అవుతుంటే ఈ వారమే చూపించండి. ఇప్పటికే ఇన్సులిన్ వాడుతుంటే, ఈ రోజే ఒక కార్న్ సిరప్ సీసా కొని అందరికీ కనిపించే చోట పెట్టండి. అది ఎక్కడుందో ఇంట్లో పిల్లలకు కూడా తెలిసి ఉండాలి.