చిన్న దెబ్బకే కమిలిపోతోందా? కాళ్ళు బరువెక్కుతున్నాయా? ఇది తెలుసుకోండి

మంచం కోడు కాలికి తగిలిందో లేదో, తెల్లారేసరికి అక్కడ నీలం మచ్చ. బ్రష్ చేస్తే చిగుళ్ళ నుంచి రక్తం. రోజంతా షాపులో నిలబడి ఇంటికొస్తే కాళ్ళు బరువు, సాక్స్ అచ్చు చర్మం మీద దిగిపోయి ఉంటుంది. వెంటనే ఫోన్ తీసి వెతుకుతాం. ఒకరు వెల్లుల్లి అంటారు, ఇంకొకరు ఏదో క్యాప్సూల్ అంటారు. ఇందులో ఏది పనికొస్తుందో ఈరోజు చూద్దాం.

ముందు ఒక మాట. రక్తనాళం గోడ బలహీనంగా ఉండటం వేరు, రక్తం సరిగ్గా పారకపోవడం వేరు. రెండిటికీ ఒకే మందు ఉండదు.

మొదట గోడ సంగతి. ఈ గోడకి బలం ఇచ్చేది కొల్లాజెన్ అనే ప్రోటీన్. అది గట్టిగా తయారవ్వాలంటే విటమిన్ సి కావాలి. ఇది బాగా తగ్గిపోతే వచ్చే జబ్బే స్కర్వీ. చిగుళ్ళు వాచి రక్తం కారుతుంది, ఒంటి మీద మచ్చలు వస్తాయి. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకాదళ డాక్టర్ ఈ జబ్బు ఉన్న 12 మంది నావికుల్ని ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక్కో జంటకి ఒక్కోటి ఇచ్చి చూశాడు. నారింజ, నిమ్మ తిన్న ఇద్దరే అందరికంటే త్వరగా కోలుకున్నారు.

మరి మనకి ఎంత కావాలి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం రోజుకి మగవాళ్ళకి 80 మిల్లీగ్రాములు, ఆడవాళ్ళకి 65. వంద గ్రాముల జామకాయలో సుమారు 200 ఉంటుంది. అంటే రోజుకో జామకాయ చాలు, ఖరీదైన డబ్బాలు అక్కర్లేదు. వేడికి విటమిన్ సి తగ్గిపోతుంది కాబట్టి నిమ్మకాయ పొయ్యి మీద కాదు, దింపాక పిండండి. పప్పు, గుడ్డు లాంటి ప్రోటీన్ కూడా ఉండాలి. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె తోటకూర, పాలకూరలో దొరుకుతుంది. సిగరెట్ తాగేవాళ్ళకి విటమిన్ సి ఇంకా ఎక్కువ కావాలి, పైగా పొగ నాళాల్ని పాడు చేస్తుంది.

ఇప్పుడు రక్తం పారడం గురించి. కాళ్ళలోని రక్తం పైకి ఎక్కాలంటే పిక్క కండరం పిండాలి. కదలకుండా కూర్చున్నా, గంటలకొద్దీ నిలబడినా ఆ పంపు ఆగిపోతుంది. అందుకే గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. కుదరకపోతే మడమలు ఇరవైసార్లు ఎత్తి దించండి. రాత్రి కాళ్ళ కింద దిండు పెట్టుకోండి. ఇక తిమ్మిర్లు అంటారా, అవన్నీ రక్తప్రసరణ వల్లే రావు. బి12 లోపం, షుగర్ వల్ల కూడా వస్తాయి. బ్లడ్ టెస్ట్‌లో తెలిసిపోతుంది.

మరి మూలికలు? సరస్వతి ఆకు, హార్స్ చెస్ట్‌నట్ గింజల సారం కాళ్ళ వాపు తగ్గిస్తాయని కొన్ని చిన్న పరిశోధనలు చెప్తున్నాయి. కానీ ఉబ్బిన సిరల్ని అవి మామూలుగా మార్చవు. హార్స్ చెస్ట్‌నట్ పచ్చి గింజలైతే విషం. ఇంట్లో అమ్మకో నాన్నకో రక్తం పలచబడే మందు వాడుతుంటే, మీరు ఆన్‌లైన్‌లో కొన్న వెల్లుల్లి, జింకో క్యాప్సూల్స్ వాళ్ళకి అస్సలు ఇవ్వకండి. రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. కూరలో వేసే వెల్లుల్లితో భయం లేదు.

చివరిగా, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. ఒక్క కాలే హఠాత్తుగా వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ కాలికి మసాజ్ చేయకూడదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. దాంతోపాటు ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. జ్వరంతో ఎర్రని చుక్కలు వచ్చినా, దెబ్బ తగలకుండానే మచ్చలు పడుతున్నా జామకాయ తిని ఊరుకోకండి. డెంగీ కావచ్చు, ప్లేట్‌లెట్లు తగ్గి ఉండొచ్చు. వెంటనే డాక్టర్‌కి చూపించుకోండి.

ఇదీ సంగతి. ఇంతసేపు కూర్చునే విన్నారు కదా, ఇప్పుడు ఒకసారి లేచి నడవండి. మళ్ళీ కలుద్దాం.