ఉత్సవం ఫొటోలో అందం ఉంది, ఆధారం ఉందా?

కుంభకోణం, ఓర్ఛా, మహేశ్వర్, బిష్ణుపూర్, సరిహద్దు దాటితే నేపాల్‌లోని పాటన్, భక్తపూర్. పాత గుడులు, కోటలు ఉన్న ఇలాంటి చిన్న పట్టణాలకు పండుగ రోజుల్లో కెమెరాలతో వచ్చేవాళ్లు ఏటేటా పెరుగుతున్నారు. రథం కదిలే క్షణం, దీపాల వరుస, గులాల్ మేఘం, మేళం వాయించే ముసలాయన ముఖం... ఇవన్నీ ఫోన్లలోకి, పర్యాటక శాఖల క్యాలెండర్లలోకి, పోటీలకు వెళ్లే ఆల్బమ్‌లలోకి చేరుతున్నాయి. వాటిలో చాలా ఫొటోలు నిజంగానే బాగుంటాయి. కానీ ఆ రథం మీద ఊరేగిన విగ్రహమే పదేళ్ల తర్వాత మాయమైతే, అది ఏదో ఒక విదేశీ మ్యూజియంలో తేలితే, ‘ఇది మా ఊరిదే’ అని నిరూపించడానికి ఆ ఫొటోల్లో ఎన్ని పనికొస్తాయి?

గత రెండు దశాబ్దాల్లో విదేశాల నుంచి తిరిగొచ్చిన విగ్రహాల కథలు చూస్తే సమాధానం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. కేసులను గెలిపించినవి అందమైన ఉత్సవ చిత్రాలు కావు. ఎవరూ ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోని, తేదీ, ఊరు పేరు రాసి ఫైల్లో దాచిన సాదాసీదా ఫొటోలు.

శ్రీపురందన్ నటరాజు

తమిళనాడులోని అరియలూరు జిల్లాలో శ్రీపురందన్ ఒక చిన్న గ్రామం. అక్కడి బృహదీశ్వరాలయం చోళుల కాలం నాటిది. పూజలు సన్నగిల్లి గుడికి తాళం పడింది. లోపలి పంచలోహ విగ్రహాలను భద్రమైన చోటికి తరలించాలని అధికారులు 2008లో తలుపులు తెరిచేసరికి అవి లేవు. దొంగతనం దాదాపు రెండేళ్ల కిందటే జరిగిపోయింది. ఆ గుడిలోని నటరాజ విగ్రహాన్ని అదే 2008లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ సుమారు 50 లక్షల డాలర్లు పెట్టి కొనుక్కుంది. అమ్మింది న్యూయార్క్ వ్యాపారి సుభాష్ కపూర్.

విగ్రహంతో పాటు కపూర్ ఇచ్చిన యాజమాన్య పత్రాల్లో ఒక కథ ఉంది. దీన్ని 1970 ప్రాంతంలోనే ఢిల్లీలో ఒకరు కొన్నారని, ఆ తర్వాత అది దేశం దాటిందని దాని సారాంశం. ఆ సంవత్సరం యాదృచ్ఛికంగా వేసింది కాదు. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాపై యునెస్కో ఒప్పందం 1970లో కుదిరింది. పురావస్తువుల ఎగుమతిపై భారత ప్రభుత్వం పట్టు బిగించిన చట్టం 1972లో వచ్చింది. అంతకుముందే బయటికి పోయిందని కాగితం మీద చూపిస్తే కొనేవారికి చిక్కు తగ్గుతుంది.

ఆ కథను కూల్చింది ఒక ఫొటో. పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ 1956 నుంచి దక్షిణ భారత ఆలయాలను, శిల్పాలను ఫొటోలు తీయిస్తూ వచ్చింది. ఎక్కడో పల్లెలో శిథిలావస్థలో ఉన్న గుడిని కూడా వదలకుండా దశాబ్దాల పాటు సేకరించిన ఆ భండారంలో లక్షకు పైగా చిత్రాలున్నాయి. శ్రీపురందన్ నటరాజును ఆ సంస్థ 1994లో ఫొటో తీసింది. 1970లో దేశం దాటిన విగ్రహం 1994లో ఊరి గుడిలో ఎలా ఉంటుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. 2014 సెప్టెంబరులో ఆస్ట్రేలియా ప్రధాని టోనీ అబాట్ దాన్ని భారత ప్రధానికి అప్పగించారు. వృద్ధాచలం నుంచి పోయిన అర్ధనారీశ్వర శిల్పం కూడా అప్పుడే తిరిగొచ్చింది. అదే జిల్లాలోని మరో ఆలయ విగ్రహాల కేసులో కుంభకోణం కోర్టు 2022 నవంబరులో కపూర్‌కు పదేళ్ల జైలుశిక్ష వేసింది.

ఆ ఫొటోలు తీసినవాళ్లు దొంగతనం జరుగుతుందని ఊహించి తీయలేదు. వారి ఉద్దేశం శిల్పశాస్త్ర అధ్యయనం. ఆధారంగా మారడం తర్వాతి సంగతి.

అలంకారం దాచేది

మరి ఉత్సవ ఫొటోకు ఉన్న లోపం ఏమిటి? దీనికి జవాబు ఆలయ వ్యవస్థలోనే ఉంది. మూలవిరాట్టు గర్భాలయంలోంచి కదలదు. ఊరేగింపుకు వెళ్లేది ఉత్సవమూర్తి. పీఠానికి ఉన్న రంధ్రాలు, కడియాలు వాహనానికి కట్టడానికీ, మోయడానికీ పెట్టినవే. అంటే మ్యూజియంలో గాజు పెట్టె వెనక నిలబెట్టిన చాలా చోళ కంచు విగ్రహాలు అసలు పండుగ కోసం పుట్టినవి. ఊరంతా వాటిని దగ్గరగా చూసేది కూడా పండుగ నాడే.

కానీ ఆ రోజు విగ్రహం పట్టుబట్టల్లో, పూలదండల్లో, నగల్లో మునిగి ఉంటుంది. ముఖం, ఒకటి రెండు చేతులు తప్ప మరేమీ కనిపించదు. రెండు ఫొటోలను పోల్చి, రెండింట్లో ఉన్నది ఒకే విగ్రహమని తేల్చాలంటే నిపుణులు చూసేది వేరు: ప్రభావళిలో విరిగిన జ్వాల, పోతపోసినప్పుడు పడిన చిన్న గుంట, పీఠం అంచున అరుగుదల, వీపు మీద మరమ్మతు జాడ. ఒకే శైలిలో ఉన్న వంద నటరాజుల్లో మన ఊరి నటరాజును వేరుచేసేవి ఇవే. ఉత్సవ చిత్రంలో ఎంత వైభవం ఉంటే ఇవి అంతగా కనుమరుగవుతాయి.

ఇంకో కోణం కూడా ఉంది. ఏటా ఉత్సవం జరిగే ఊళ్లో విగ్రహం పోతే ఏడాది తిరిగేలోపు తెలుస్తుంది. ఉత్సవం ఆగిపోయిన ఊళ్లో ఎప్పటికి తెలుస్తుందో చెప్పలేం. శ్రీపురందన్‌లో జరిగింది అదే. పండుగ భక్తికి మాత్రమే సంబంధించినది కాదు, ఊరు తన ఆస్తిని తానే ఏటా సరిచూసుకునే తనిఖీ కూడా.

ఎద్దుబండి మీద కెమెరా

చిన్న పట్టణాల వారసత్వాన్ని పద్ధతిగా నమోదు చేయడం మన దగ్గర కొత్త కాదు. మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన లినియస్ ట్రైప్ 1857 చివర్లో మొదలుపెట్టి శ్రీరంగం, పుదుక్కోట్టై, మదురై, తంజావూరు తిరిగాడు. సామాను ఎద్దుబండ్ల మీద సాగింది. తంజావూరు బృహదీశ్వరాలయ విమానం పునాది చుట్టూ ఉన్న శాసనాలను వరుసగా తీసి, వాటిని అతికించి 20 అడుగులకు దగ్గరగా పొడవున్న ఒక చిత్రం తయారుచేశాడు.

ఆ ఆలయ శాసనాలకు ఇక్కడ ప్రత్యేక సంబంధం ఉంది. రాజరాజ చోళుడూ, ఆయన కుటుంబమూ గుడికి ఇచ్చిన లోహ విగ్రహాల వివరాలు వాటిలో ఉన్నాయి. ఎత్తు ఎంత, చేతులెన్ని, పీఠం ఎలా ఉంది అని కొలతలతో సహా చెక్కించారు. వెయ్యేళ్ల కిందటి స్టాక్ రిజిస్టరు అన్నమాట. అందులో చెప్పిన విగ్రహాల్లో ఇవాళ మిగిలినవి చాలా కొద్ది. వివరంగా రాసిపెట్టడం వల్లే ఏమేం పోయాయో మనకు తెలుస్తోంది.

తెలుగువారికి ట్రైప్ చేసిన మరో పని ముఖ్యం. 1858లో మద్రాసు మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలను ఆయన ఫొటోలు తీశాడు. మరుసటి ఏడాది ఆ శిల్పాలు లండన్‌కు ఓడెక్కాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ తర్వాత ట్రైప్ ఉద్యోగాన్నే ఖర్చు ఎక్కువనే కారణంతో ప్రభుత్వం ఆపేసింది. నమోదు పనిని మొదటి కోతకు గురిచేసే అలవాటు కూడా పాతదే.

లాలా దీన్‌దయాళ్ 1882లో బ్రిటిష్ అధికారి లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి గ్వాలియర్, దతియా, ఓర్ఛా, ఖజురాహో, సాంచీ వంటి చోట్ల తిరిగి తీసిన చిత్రాల్లో 86 ఆ తర్వాత పుస్తకంగా వచ్చాయి. ఆయనే తర్వాత ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరై, రాజా బిరుదు పొంది హైదరాబాద్ చరిత్రలో భాగమయ్యారు. ఆనాటి స్థితికీ ఇప్పటి స్థితికీ తేడా చూడాలనుకునే వారికి ఇలాంటి చిత్రాలే మొదటి ఆధారం.

పాటన్‌లో దేవుడు, చందవరంలో శిల్పం

నేపాల్‌లోని పాటన్‌లో లక్ష్మీనారాయణుల ఉమ్మడి విగ్రహం ఒకటి 1984లో పోయింది. ఆ చోట ప్రతిమను పెట్టుకుని భక్తులు పూజలు కొనసాగించారు. అసలు విగ్రహం 1990 నుంచి అమెరికాలోని డల్లాస్ మ్యూజియంలో ఉంది. నేపాల్ నుంచి ఇలా పోయిన శిల్పాల ఫొటోలతో చిత్రకారుడు లైన్‌సింగ్ బాంగ్‌దేల్ 1989లోనే ఒక పుస్తకం తెచ్చారు. పాత ఫొటోలను పోల్చి చూడటం వల్ల డల్లాస్‌లో ఉన్నది పాటన్ దేవుడేనని తేలింది. 2021 మార్చిలో అప్పగింత జరిగింది. ఆ ఏడాది డిసెంబరులో విగ్రహాన్ని తిరిగి అదే గుడిలో ప్రతిష్ఠించారు. శ్రీపురందన్ నటరాజు కథ ఇంత సాఫీగా ముగియలేదు. ఊరి గుడిలో భద్రత లేక, వచ్చిన విగ్రహం కుంభకోణంలోని విగ్రహ భద్రతా కేంద్రానికి చేరింది. ఫొటో వస్తువును వెనక్కి తేగలదు. గుడిని మళ్లీ నడపడం మాత్రం మనుషులే చేయాలి.

ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న చందవరం బౌద్ధ క్షేత్రానిదీ ఇలాంటి అనుభవమే. అక్కడి ప్రదర్శనశాల నుంచి 2001లో పోయిన సున్నపురాతి శిల్పం 2005లో అదే ఆస్ట్రేలియా గ్యాలరీకి, అదే కపూర్ చేతుల మీదుగా వెళ్లింది. ఊరు, క్షేత్రం తేలాక 2016లో వెనక్కి ఇచ్చారు.

కెమెరాకు హద్దులెక్కడ

ప్రతి గుడిలోకీ కెమెరాను రానివ్వాలని దీని అర్థం కాదు. తమిళనాడు ఆలయాల్లో మొబైల్ ఫోన్లను నిషేధించాలని మద్రాసు హైకోర్టు 2022 డిసెంబరులో ఆదేశించింది. పూజ సాగుతుంటే పది మంది అడ్డంగా నిలబడి సెల్ఫీలు తీసుకునే చోట ఆ కట్టడి న్యాయమే. మరోవైపు భారత పురావస్తు సర్వే శాఖ 2018లో అజంతా గుహలు, లేహ్ ప్యాలెస్, తాజ్‌మహల్ ప్రధాన సమాధి మినహా తన కట్టడాల్లో ఫొటోలకు అనుమతి ఇచ్చింది. మందికి కెమెరా వద్దన్నప్పుడు నమోదు బాధ్యత పూర్తిగా సంస్థ మీద పడుతుంది. ఆ బాధ్యత ఎలా నడుస్తోందో చూడాలంటే ఒక లెక్క చాలు. కేంద్ర రక్షిత కట్టడాలు 3,693 ఉంటే 50 కనిపించడం లేదని సాంస్కృతిక శాఖ 2022లో పార్లమెంటరీ కమిటీకి చెప్పింది. 14 పట్టణాల విస్తరణలో పోయాయి, 12 జలాశయాల్లో మునిగాయి, మిగతా 24 ఎక్కడున్నాయో ఆచూకీ లేదు. కట్టడాల గతే ఇదైతే చేత్తో ఎత్తుకుపోగల విగ్రహాల మాట చెప్పనక్కర్లేదు.

ఫొటో దొంగకు కూడా ఉపయోగపడుతుందన్న భయం కూడా నిజమే. కాపలా లేని గుడి ఎక్కడుందో, తలుపు ఎలాంటిదో, లోపల ఏముందో అందరికీ కనిపించేలా పెడితే అది సరుకుల జాబితాలా మారుతుంది. అందుకే తీయడం వేరు, ప్రచురించడం వేరు. తీసినదాని పూర్తి వివరం ఊరి వద్ద, ఆలయ శాఖ వద్ద, ఒక నమ్మకమైన భండారంలో ఉండాలి. బయటికి వెళ్లేది అందులో కొంతే కావచ్చు.

ఉత్సవానికి వెళ్లే ఫొటోగ్రాఫర్ నుంచి ఆశించేది పెద్ద పనేమీ కాదు. కెమెరాలో తేదీ సరిచూసుకోవాలి. మొదటి చిత్రం ఊరి పేరు, గుడి పేరు ఉన్న బోర్డుది కావాలి. అలంకారానికి ముందు పూజారి ఒప్పుకుంటే, ముట్టుకోకుండా, ముందు, పక్క, వెనక వైపుల నుంచి పీఠంతో సహా తీయాలి. ఒప్పుకోకపోతే అంతటితో ఆగాలి. రథం ఏ వీధిలో తిరిగింది, మోసే హక్కు ఏ కుటుంబాలది, మేళం ఎవరిది అని నాలుగు మాటలు రాసుకోవాలి. అసలు ఫైల్‌ను మార్చకుండా దాచాలి. చివరగా ఒక కాపీ ఆ ఊరివాళ్లకే ఇవ్వాలి. మనం చాలా తరచుగా మరచిపోయేది ఇదే. ఊరి దేవుడి ఫొటో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఎవరి హార్డ్‌డిస్క్‌లోనో ఉండి, ఊళ్లో ఒక్కటీ లేకపోతే, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాసే రోజున గ్రామస్తుల చేతిలో ఉండేది జ్ఞాపకం మాత్రమే.