కంప్యూటరు మొరాయించినపుడు



ఇంటి జమాఖర్చులు, పిల్లల పాఠములు, పెండ్లినాటి ఛాయాచిత్రములు, బ్యాంకు కాగితములు - ఇవి యన్నియు నొకప్పుడు వేర్వేరు పెట్టెలలో నుండెడివి. నేడు పెక్కు గృహములలో నివి యొక్క కంప్యూటరునందే చేరియున్నవి. అట్టి యంత్రము నీలితెరతోనో, నల్లనితెరతోనో నిలిచిపోయి యెంతకును కదలనిచో గృహిణికి గలుగు కలవరము సామాన్యమైనది కాదు. యంత్రము చెడినచో మరియొకటి కొనవచ్చును. గతించిన పెద్దల ఛాయాచిత్రములు పోయినచో నవి యే యంగడిలోను దొరకవు.

ఈ యాపద తరచుగా ఆపరేటింగ్ సిస్టమును మార్చునపుడు సంభవించును. కంప్యూటరులోని భాగముల నన్నింటిని నడపు మూలవ్యవస్థకే యా పేరు. మన యిండ్లలో విశేషముగా నున్నది మైక్రోసాఫ్టువారి విండోస్. 2015 లో వెలువడిన విండోస్ 10 నకు ఆ సంస్థవారు 2025 అక్టోబరు 14 వ తేదీతో సాధారణ పోషణమును ముగించిరి. అందుచేత దానిని వాడువారు పలువురు 2021 లో వెలువడిన విండోస్ 11 నకు మారవలసివచ్చినది. ఈ మార్పు పెక్కుచోట్ల నిర్విఘ్నముగా జరుగును. కొన్నిచోట్ల నడుమ నాగిపోవును.

ఆగినంత మాత్రమున లోపలి వస్తువులు నశించినవని తలపరాదు. మూలవ్యవస్థ వేరు, మనము దాచుకొన్న ఫైళ్ళు వేరు. తలుపు గడియ బిగిసిపోయినంతనే యింటిలోని సొమ్ము పోదు గదా! పెక్కుమారులు నష్టము యంత్ర మాగుటచేత గాక, ఆగినపిమ్మట మనము తొందరపడి చేయు పనులచేతనే కలుగుచున్నది. కావున నేది ముందు, ఏది వెనుక యను క్రమము నెరుగుట ముఖ్యము.

మొదట కావలసినది ఓర్పు. తెరమీది శాతపుటంకె యొకచోటనే చాలసేపు నిలిచియున్నను లోపల పని సాగుచుండవచ్చును. డిస్కుదీపము మినుకుమినుకు మనుచున్నంతవరకు స్విచ్చి తీయరాదు. కొన్ని గంటలు గడచినను చలన మేమియు లేనిచో నప్పుడే యాపి చూడవలెను. కరెంటు తరచుగా పోవు ఊళ్ళలో ఈ పనికి పూనుకొనుటకు ముందే ల్యాప్‌టాపునకు ఛార్జరును, బల్లమీది కంప్యూటరునకు యు.పి.యస్.ను తగిలించి యుంచుట మేలు.

క్రొత్తది కుదరనిచో విండోస్ చాలమారులు తనంతట తానే పాతదానికి మరలి, తెరపై నొక కోడును జూపును. దానిని వెంటనే కాగితముపై వ్రాసికొనవలెను. వైద్యునకు నాడి యెట్టిదో మరమ్మతు చేయువానికి ఆ కోడు అట్టిది. 80070070 అను అంకెలున్నచో డిస్కులో చోటు చాలలేదని యర్థము. అక్కరలేని వానిని తొలగించి మరల ప్రయత్నింపవచ్చును. 1900101 అను అంకెలున్నచో సాధారణముగా డ్రైవరుల దోషము. డ్రైవరులనగా ప్రింటరు, కెమెరా మొదలగువానిని కంప్యూటరుతో కలుపు చిన్న ప్రోగ్రాములు. అప్పుడు ప్రింటరును, పెన్ డ్రైవులను, అదనముగా తగిలించిన సమస్తమును విప్పివేసి, తయారుచేసినవారి క్రొత్త డ్రైవరులను చేర్చి చూడవలెను.

కొన్ని యంత్రములకు విండోస్ 11 పొసగనే పొసగదు. దానికి కనీసము 4 జీబీల ర్యామును, 64 జీబీల డిస్కును, టీపీయం 2.0 అను భద్రతా సాధనమును ఉండవలెను. ఈ సాధనము ఉండియు, పని చేయకుండ నాపివేయబడిన కంప్యూటరులు కలవు. అట్టిచో యంత్రము లేచునపుడు కనబడు తొలి యమరికలలో దానిని మేల్కొల్పిన చాలును. క్రొత్త యంత్రము కొనుమని యెవరేని చెప్పినపుడు, ముందీ విషయము నడిగి తెలిసికొనుడు.

యంత్రము బొత్తిగా లేవనిచో నేమి చేయవలెను? రెండుమూడుమార్లు వరుసగా లేవలేకపోయినచో విండోస్ తానే మరమ్మతు తెరను జూపును. అందు క్రొత్తగా చేర్చిన నవీకరణమును తొలగించు మార్గము కలదు. క్రొత్త విండోస్ వచ్చిన పిమ్మట నచ్చకున్నను, పది దినములలోపల పాతదానికి మరలవచ్చును. ఆ గడువు తీరువరకు 'విండోస్ ఓల్డ్' అను ఫోల్డరును చెత్త యని యూడ్చివేయరాదు. పాత విండోస్ అందే యుండును. డిస్కునకు బిట్‌లాకరు అను తాళము పడియున్నచో మరమ్మతు తెర 48 అంకెల బీగము నడుగవచ్చును. ఆ యంకెలను ముందుగనే కనుగొని, కాగితముపై వ్రాసి, ఇంటి దస్తావేజులతోపాటు భద్రపరుపవలెను.

ఇక నన్నిటికంటె జాగరూకతతో వినవలసిన మాట 'ఫార్మాట్' అనునది. మరమ్మతు దుకాణములో దీనిని మిక్కిలి సులభముగా పలుకుదురు. డిస్కును తుడిచి క్రొత్త విండోస్ వేయుట వారికి గంటలపని. తుడిచిపోవునది మన యేండ్లతరబడి సంపాద్యము. యంత్రము లేవకున్నను, డిస్కు చెడకున్నచో దానిని మరియొక కంప్యూటరునకు తగిలించి ఫైళ్ళను తీసికొనవచ్చును. "ముందు ఫైళ్ళను తీసి యిండు, పిమ్మట ఫార్మాట్ చేయుడు" అని నిర్భయముగా చెప్పుడు. విండోస్‌లోని 'రీసెట్' అను మార్గము నెన్నుకొన్నను, ఫైళ్ళను నిలుపునదియు, సర్వమును తుడుచునదియు రెండు తీరులుండును. చదువకుండ దేనిని నొక్కరాదు. మొదటి తీరులో సయితము మనము చేర్చుకొన్న ప్రోగ్రాములు పోవును.

నవీకరణము సఫలమైనచో భయము లేదనుకొనుటయు పొరపాటే. 2018 అక్టోబరు 2 న విండోస్ 10 నకు వెలువడిన నవీకరణము కొందరి కంప్యూటరులలో చక్కగా ముగిసెను. కాని వారి ఫైళ్ళు కొన్ని మాయమయ్యెను. తమ ఫోల్డరులను వేరొకచోటికి మార్చుకొన్నవారికి, పాతచోట మిగిలినవి యనవసరములని యెంచి యది చెరిపివేసెను. సంస్థవారు కొలది దినములకే దాని నాపి, దోషమును సవరించి, నవంబరు 13 న మరల విడుదల చేసిరి. ఫైళ్ళు పోయినవారు ఆ యంత్రమును వీలైనంత తక్కువగా వాడవలెనని హెచ్చరించిరి. ఏలయన చెరిగినచోటనే క్రొత్తవి వ్రాయబడినచో పాతవి మరల దొరకుట దుర్లభము. వేరొకచోట నకలుంచుకొన్నవారికి మాత్ర మా దినమున దిగులు లేకపోయెను.

ఇంటికప్పు తీసి క్రొత్తపెంకు నేయించువారు ముందుగా సామానులను పొరుగింటికి చేర్చుదురు. వాన రాదని యెవరు చెప్పినను వినరు. నవీకరణమునకును అదే నీతి. ముఖ్యమైన ఫైళ్ళ నొక వెలుపలి డిస్కునకు నకలు తీసి, దానిని విప్పి బీరువాలో పెట్టి, నకలు తెరచుకొనుచున్నదో లేదో వేరొక యంత్రముపై చూచికొని, పిమ్మటనే ఆ మీట నొక్కుడు.

ఇది మగవారి పని యని విడిచిపెట్టనక్కరలేదు. బియ్యపు డబ్బా అడుగంటకముందే కనిపెట్టు గృహిణికి డిస్కులో చోటు కనిపెట్టుట యెంతపని? నకలు తీయుట మీరు నేర్చుకొని, మీ యాడపిల్లలకును నేర్పుడు. యంత్ర మెన్నడు మొరాయించినను, ఇంటి జ్ఞాపకములు మీ బీరువాలో క్షేమముగా నుండును.